దిల్‌సుఖ్‌నగర్‌లో ఫిజిక్స్ ట్యూషన్: గాస్ నియమం ఇక్కడే అర్థమైంది

దిల్‌సుఖ్‌నగర్ మెట్రో దగ్గర ఒక సందులో, మేడ మీద, ఇంటర్ సెకండియర్ వాళ్లకి చెప్పే ట్యూషన్ ఇది. రెండు నెలలుగా వెళ్తున్నాను. అంతకుముందు నాకు గాస్ నియమం (మూసిన తలం గుండా వెళ్లే మొత్తం విద్యుత్ అభివాహం లోపలున్న ఆవేశాన్ని బట్టి ఉంటుందనేది) అంటే బట్టీ పట్టిన ఫార్ములానే.

సార్ ఒక అట్టపెట్టె బల్ల మీద పెట్టి, సరిగ్గా మధ్యలో విద్యుత్ ఆవేశం (ఛార్జ్) ఉందనుకుంటే మొత్తం అభివాహం (ఫ్లక్స్, అంటే ముఖాల గుండా వెళ్లే క్షేత్ర గీతల లెక్క) ఆ ఆవేశాన్ని ఎప్సిలాన్ నాట్ అనే స్థిరాంకంతో భాగించినంత, ఒక్కో ముఖానికి అందులో ఆరో వంతు అని చూపించారు. మరి ఆవేశాన్ని మూలకి జరిపితే? అందరం తికమకపడ్డాం. అలాంటి పెట్టెలే ఇంకో ఏడు ఆ మూల చుట్టూ పేర్చినట్టు ఊహించుకోమన్నారు, అంతే, మన పెట్టెకి ఎనిమిదో వంతే వస్తుందని, అదీ ఆ మూలని తాకని మూడు ముఖాల నుంచే కాబట్టి ఒక్కోదానికి 24వ వంతని మాకే తట్టింది. ఆ రోజు ఎంత సంతోషం వేసిందో!

ఆవేశం పెట్టె బయట ఉంటే నికర అభివాహం సున్నా, కానీ పెట్టె తలం మీద విద్యుత్ క్షేత్రం సున్నా కాదు, లోపలికెళ్లిన క్షేత్ర గీతలే బయటికొచ్చేస్తాయి. బిట్లలో నేను ఎప్పుడూ తప్పు చేసేది ఇక్కడే.

గది ఇరుకు, వెనక వరసకి బోర్డు సరిగ్గా కనబడదు. మెటీరియల్ ఇవ్వరు. గాస్ అంటే టెన్షన్ పడేవాళ్లు ఒక డెమో క్లాసుకి వెళ్లి కూర్చోండి, కాస్త ముందే వెళ్లండి.