మిద్దె తోట కిట్: సామాను సరే, విత్తనాలే తిరుపతికి నప్పవు

నర్సరీల్లోనూ ఆన్‌లైన్‌లోనూ దొరికే మిద్దె తోట కిట్టులో మామూలుగా ఉండేవి ఇవి: 12×12 అంగుళాల హెచ్‌డీపీఈ (గట్టి ప్లాస్టిక్) గ్రో బ్యాగులు ఆరు, 5 కిలోల కోకోపీట్ (కొబ్బరి పొట్టు) దిమ్మ, 5 కిలోల వర్మీకంపోస్టు, కిలో వేపపిండి, 100 మి.లీ. వేపనూనె, ఏడెనిమిది విత్తనాల పొట్లాలు. తిరుపతి ఎండకూ ఇక్కడి బోరు నీళ్లకూ ఇవి ఏమాత్రం ఆగుతాయన్నదే అసలు ప్రశ్న.

బ్యాగులకు మంచి మార్కులే. కొనేముందు ‘యూవీ ట్రీటెడ్’ (ఎండకు తట్టుకునేలా చేసినది) అని ఉందో లేదో చూసుకోండి. లేకపోతే రెండు వేసవులకే పెళుసెక్కి, ఎత్తబోతే చెవులు చేతికొస్తాయి. ఒక లోపం మాత్రం ఉంది. నీళ్లు పోయే బెజ్జాలు పక్కన, అడుక్కి అంగుళం పైన ఉంటాయి. ఆ అంగుళంలో నీళ్లు నిలిచి వేర్లు కుళ్లుతాయి. మేకు కాల్చి అడుగున నాలుగు బెజ్జాలు పెట్టండి. బ్యాగును ఇటుకల మీద ఎక్కిస్తే మిద్దెకూ చెమ్మ దిగదు.

కోకోపీట్ దగ్గరే ఎక్కువమంది దెబ్బతినేది. దిమ్మను పెద్ద టబ్బులో వేసి 20-25 లీటర్ల నీళ్లు పోస్తే గంటలో పొంగి 65-70 లీటర్ల పొట్టు అవుతుంది. దాన్ని అలాగే బ్యాగులో నింపకూడదు. పిడికిట్లో తీసుకుని పిండి చూడండి, డికాషన్ రంగు నీళ్లు కారతాయి. ఆ నీళ్లలో ఉప్పు ఉంటుంది. నీళ్ల రంగు పలచబడేదాకా రెండు మూడు సార్లు కడిగి పిండాలి. కడగకపోతే పదిరోజుల నారు ఆకు కొసలు మాడిపోతాయి, అది చూసి ఎరువు చాల్లేదనుకుని ఇంకా వేస్తారు. బోరు నీళ్లు ఉప్పగా ఉండే ఇళ్లలో ఆఖరిసారి వాననీళ్లతో కడిగితే మంచిది.

ఇక కొలత. 12 అంగుళాల బ్యాగును పైన రెండంగుళాలు వదిలి నింపితే 18 లీటర్లకు పైనే పడుతుంది, అంటే ఆరింటికి దాదాపు 110 లీటర్లు. కిట్టులోని పొట్టు, వర్మీకంపోస్టు కలిపినా 75 లీటర్లకు అటూఇటూనే. నాలుగు బ్యాగులతో సరి. ఇది మోసమేమీ కాదు గానీ, అట్టపెట్టె మీద ఆ మాట రాసుంటే బాగుండేది. మిగతాదానికి రెండు బకెట్ల ఎర్రమట్టి జల్లించి కలపండి. ఉత్తి పొట్టులో మొక్కకు తిండి ఉండదు, గాలికి నిలబడదు కూడా. వేపపిండి బ్యాగుకు రెండు గుప్పిళ్లు చాలు. వర్మీకంపోస్టు బలం నెల దాటదు, అక్కడి నుంచి పదిహేను రోజులకోసారి రెండు గుప్పిళ్లు మీరే కొని వేయాలి.

విత్తనాల దగ్గరే కిట్టు తేలిపోయింది. క్యారెట్, కాలీఫ్లవర్ పొట్లాలు తిరుపతి మిద్దె మీద చలికాలం తప్పితే దండగ. అనపగింజలతో పితికిపప్పు వండుకునే జిల్లాలో అమ్ముతూ అనపగింజ ఒక్కటీ పెట్టకపోవడం ఏం తెలివో! సిర్రాకు (తోటకూర), గోంగూర, అలసంద, బెండ, వంగ విత్తనాలు విడిగా కొనుక్కోండి. అనప ఆడి (ఆషాఢం), శ్రావణాల్లో వేస్తే చలికి కాస్తుంది. టమాటా, వంగ, మిరప నారు పోసి, టమాటా 25 రోజులకు, వంగ నెలకు, మిరప 35-40 రోజులకు నాటాలి. బెండ గింజను రాత్రంతా నానబెట్టి నేరుగా బ్యాగులోనే గుచ్చాలి. ఏప్రిల్, మేలో టమాటా పూత రాలుతోందని మందు కొట్టొద్దు. ఆ వేడికి పూత నిలవదు, అంతే. సగం నీడ ఇచ్చే షేడ్ నెట్ కట్టి ఆకుకూరలు వేసుకోండి.

బ్యాగులో నాలుగు బెండ గింజలు మొలిస్తే బలంగా ఉన్న ఒక్కదాన్ని ఉంచి మిగతావి పీకేయాలి. ముద్దుగా మొలిచినదాన్ని పీకడానికి చేయి రాదు. ఉంచితే మాత్రం నాలుగూ పీలగా సాగి, నాలుగు కాయలకే ఆగిపోతాయి. నీళ్ల సంగతీ అంతే. ఎండకు చచ్చేవాటికన్నా ప్రేమ ఎక్కువై చచ్చే మొక్కలే ఎక్కువ. వేలు రెండు కణుపులు మట్టిలో గుచ్చి, తడి తగిలితే ఆ పూటకు పోయొద్దు. ఒకరోజు ఎండగట్టి మర్నాడు ముంచితే టమాటా కాయ అడుగున నల్లగా కుళ్లుతుంది.

వేపనూనె పనికొస్తుంది, వాడే పద్ధతి కాగితం మాత్రం అరకొర. నూనె నీళ్లలో కలవదు. ముందు 5 మి.లీ. నూనెలో కాస్త సబ్బు ద్రావణం కలిపి తెల్లగా అయ్యాక లీటరు నీళ్లు పోయాలి, సాయంత్రమే కొట్టాలి. మిరపాకు పైకి దొప్పలా ముడిస్తే తామర పురుగు, కిందికి ముడిస్తే నల్లి. రెండింటికీ ఆకు అడుగున తడిసేలా కొట్టాలి. వంగ మొవ్వు వాలిపోతే నూనె పనిచేయదు, పురుగు కాడ లోపలుంది. వాలినచోటికి అంగుళం కిందికి తుంచి నలిపేయండి.

అనుభవం ఉన్నవాళ్లు బ్యాగులు, దిమ్మ విడిగా కొనుక్కోవచ్చు. తొలిసారి వేసేవాళ్లకు కిట్టే సుళువు, 5కి 3 ఇవ్వొచ్చు. మొదటి కాపు అయ్యాక టమాటా తీసిన బ్యాగులో మళ్లీ వంగ, మిరప పెట్టొద్దు. మూడూ ఒకే కుటుంబం కాబట్టి ఒకదాని ఎండు తెగులు మరోదానికి తగులుకుంటుంది. మట్టిని వారం ఎండలో పరిచి, కొత్త వర్మీకంపోస్టు కలిపి అలసంద వేయండి.