గోదావరి జిల్లాల్లో నాలుగు రోజులు: గురికి నిలిచే ప్లేటు కోసం

పోయిన ఏడాది మా తుపాకీ రేంజిలో పదహారేళ్ల కుర్రాడికి చెంప తెగింది. కళ్లద్దాలకు వేలెడు కింద. కాల్చింది వాడు కాదు. పక్కన నిలబడి తన వంతు కోసం చూస్తున్నాడు. గురి చూసి కొట్టే ఉక్కు ప్లేటుకు తగిలిన బుల్లెట్ మీది రాగి తొడుగు ముక్క, గోరంత ఉంటుంది, వెనక్కి వచ్చి కోసేసింది. సాయంత్రం ప్లేటు దింపి చూస్తే వేలికొస పట్టేంత గుంటలున్నాయి. "గట్టి ఉక్కేనండి" అని అమ్మిన మనిషి వెనకవైపు కొక్కెం వెల్డింగ్ చేసి ఇచ్చాడు. వెల్డింగ్ వేడి సోకినంత మేరా ఉక్కు మెత్తబడింది, గుంటలన్నీ సరిగ్గా అక్కడే పడ్డాయి. ఇంకో తప్పు మాది. నూరు మీటర్లకు తగ్గకూడని ప్లేటును స్థలం చాలక అరవై మీటర్లలోనే నిలబెట్టాం.

నేను ఫౌజులో ఆర్మరర్‌గా, అంటే తుపాకులు బాగుచేసేవాడిగా, చేసి రిటైరయ్యాను. ఇప్పుడు హైదరాబాద్ శివార్లలో లైసెన్సున్న ఒక రైఫిల్ క్లబ్బులో తుపాకులు, టార్గెట్లు చూసుకుంటాను. ఈసారి ప్లేట్లు ఫోన్లో ఆర్డరు పెట్టకుండా, కోసేటప్పుడు పక్కనే నిలబడి తెచ్చుకోవాలని గట్టిగా అనుకున్నాను. మా అక్కవాళ్లది పాలకొల్లు దగ్గర ఊరు. మేనల్లుడు టిప్పర్లు, జేసీబీ బకెట్లు బాగుచేసే షెడ్డు నడుపుతాడు. "మావయ్యా, బకెట్ అడుక్కి అరగకుండా వేసే ప్లేటూ మీరు చెప్పేదీ ఒకటేనండి. రాజమండ్రిలో, కాకినాడలో చూద్దాం, వచ్చేయండి" అన్నాడు. మాఘమాసం, అంతర్వేది తీర్థం రోజులు. అక్కడికీ వెళ్లొచ్చని బయల్దేరాను.

వాడన్నది నిజమే. మామూలు మైల్డ్ స్టీల్ గట్టిదనం బ్రినెల్ లెక్కలో 120-140 ఉంటుంది. అరగకుండా చేసిన గట్టి ఉక్కు, దాన్ని ఏఆర్ 500 అన్నా, హార్డాక్స్ 500 అన్నా, ఆ లెక్క 500 దరిదాపుల్లో ఉంటుంది. రెండూ చూపుకి ఒకటే, నల్లగా, బరువుగా. తేడా ఉక్కులో కలిపే దినుసుల్లో, కొలిమిలో కాల్చి ఒక్కసారిగా చల్లార్చడంలో ఉంది. అలా వచ్చిన గట్టిదనం మళ్లీ 250 డిగ్రీలు దాటి వేడెక్కితే పోవడం మొదలుపెడుతుంది. కాబట్టి ఏ షాపుకు వెళ్లినా నేను చూసింది ఒక్కటే, ఆ మనిషికి వేడంటే భయం ఉందా లేదా అని.

రాజమండ్రిలో కోటిపల్లి బస్టాండు దగ్గర లాడ్జి తీసుకున్నాను. గది శుభ్రం, దుప్పట్లు ఉతికినవే. వేడినీళ్లు పొద్దున్న ఏడింటి దాకానే ఇస్తారు. లిఫ్టు లేదు. పుష్కర ఘాట్‌కు నడిచి వెళ్లొచ్చు కాబట్టి కుటుంబంతో వచ్చేవాళ్లకు బాగానే ఉంటుంది. సామాను ఎక్కువున్నవాళ్లు కింది అంతస్తులో గది అడిగి తీసుకోండి.

ధవళేశ్వరం రోడ్డులో వర్క్‌షాపు పెద్దది. మనుషులు మర్యాదస్తులు, కూర్చోబెట్టి టీ ఇచ్చారు. ప్లేటు కూడా అసలుదే, మిల్లు ముద్ర చూపించారు. కానీ కోసేది గ్యాస్ కటింగ్‌తో. నా కోసం సుద్దముక్కతో పన్నెండు అంగుళాల చక్రం గీసి, టార్చి వెలిగించి, నిమిషాల్లో ముక్క కింద పడేశారు. చల్లారాక చూశాను. అంచు చుట్టూ నీలం, ఆ తర్వాత గడ్డిరంగు, ఆ తర్వాత మామూలు నలుపు. నా సంచిలో ఎప్పుడూ ఒక ఆకురాయి ఉంటుంది. నలుపు మీద దాంతో గీస్తే పట్టీ పట్టనట్టు జారిపోయింది. నీలం మీద గీస్తే కరకరమని పట్టి ఉక్కుపొడి రాలింది. పన్నెండు అంగుళాల ప్లేటులో చుట్టూ అంత మేర మెత్తబడితే అంచున తగిలే తూటాలకు గుంటలు పడతాయి. ఆ మాట అంటే మేస్త్రీ నొచ్చుకోలేదు, ఆకురాయి తీసుకుని తనూ గీసి చూశాడు. "బకెట్లకి ఇది సరిపోద్దండి, మీ పనికి చాలదు. కాకినాడలో లేజరుంది, అక్కడికెళ్లండి" అని తనే దారి చెప్పాడు. కొనకుండా వచ్చేసినా ఆ మనిషి మీద నాకు గౌరవం కలిగింది.

దారిలో 1852లో కాటన్ పూర్తిచేసిన ఆనకట్ట చోటును, ఇప్పుడున్న బ్యారేజీని కాసేపు నిలబడి చూశాం. ఈ రోజుకీ మా పొలాలకు నీళ్లొచ్చేది అక్కణ్ణుంచే.

కాకినాడలో భానుగుడి సెంటర్ దగ్గర దిగాం. గది రాజమండ్రి కన్నా ఖరీదు, సేవ కూడా ఆ మేరకు బాగుంది. రాత్రి పదకొండింటికి అడిగినా తాగునీళ్లు తెచ్చిచ్చారు. మర్నాడు పోర్టు వైపున్న వర్క్‌షాపుకు వెళ్లాం. యజమాని ముందు అడిగిన ప్రశ్న "దేనికండి?" అని. క్లబ్బు లెటర్‌హెడ్, లైసెన్సు నకలు చూపిస్తే గానీ మాట ముందుకు సాగలేదు. అలా అడిగినందుకే ఆయన నాకు నచ్చాడు. చేతిలో పట్టే గట్టిదనం మీటరు ఉంది, షీటు మీద ఐదు చోట్ల పెట్టి చూపించాడు. హార్డాక్స్ 500కు 470 నుంచి 530 మధ్య ఉండాలి. ఐదూ ఆ లోపలే వచ్చాయి.

లేజర్‌తో కోస్తే వేడి సోకేది అంచున ఏ మిల్లీమీటరో రెండో. అయినా చిన్న ముక్కలు వరసగా కోస్తే వేడి పోగవుతుంది. అందుకని ఒక మూల ఒకటి, ఆ మూల ఒకటి, మధ్యలో చల్లారనిస్తూ కోయమన్నాను. ఆయనా అదే అనుకుంటున్నాడు. బోల్టు కోసం పైన ఒక చదరపు రంధ్రం కూడా లేజర్‌తోనే. డ్రిల్లుతో వేయబోతే మామూలు బిట్టు మొద్దుబారిపోతుంది, ఆ రాపిడికి వేడీ పుడుతుంది. పది మిల్లీమీటర్ల మందం, పన్నెండు అంగుళాల గుండ్రం, ఒక్కొక్కటి సుమారు ఐదుముప్పావు కిలోలు. పది చేయించాను. మధ్యాహ్నం దాకా అన్న పని సాయంత్రం నాలుగింటికి అయింది. ఆలస్యమైందని నేనేమీ అనలేదు, చల్లారనిచ్చినందుకే ఆలస్యమైంది. తొమ్మిదింటిని ఆర్టీసీ కార్గోలో హైదరాబాద్‌కు వేసి, ఒకటి సంచిలో పెట్టుకున్నాను. అక్క కోసం కాజాలు కొన్నాం.

ఆ రాత్రి మావాడు అడిగాడు, "ఇంతా చేస్తే ఎన్నాళ్లొస్తుంది మావయ్యా?" అని. సంవత్సరాల్లో చెప్పే సంగతి కాదిది. ప్లేటును తినేది బుల్లెట్ బరువు కన్నా ఎక్కువగా దాని వేగం. మామూలు .22 తూటా సెకనుకు 330 మీటర్ల దాకా పోతుంది, దానికి ఈ ప్లేటు ఏళ్ల తరబడి చెక్కుచెదరదు. పెద్ద రైఫిల్ తూటా .30-06 అయితే 800 దాటుతుంది, నూరు మీటర్ల అవతల పెడితే తట్టుకుంటుంది. ఫౌజులో 900 దాకా పోయే 5.56 రైఫిల్ తూటాను దగ్గర్నుంచి కొట్టగా ఇలాంటి ప్లేటు మీదే సొట్టలు పడటం కళ్లారా చూశాను. లోపల ఉక్కు మొన ఉన్న తూటా అయితే ఒక్కటి చాలు పాడుచేయడానికి. అందుకే మా దగ్గర ప్రతి డబ్బాలోంచి ఒక తూటా తీసి మొనకు అయస్కాంతం పెడతాం. అతుక్కుంటే ఆ డబ్బా ప్లేటు వైపు పోదు.

"గుంట పడితే ఏమవుద్ది, బెజ్జం పడలేదుగా?" అన్నాడు. అసలు ప్రమాదం అదే. ప్లేటు నున్నగా, చదునుగా ఉంటే సీసం దానికి తగిలి చితికి, అప్పడంలా ప్లేటు వెంబడే పక్కలకు చిమ్ముతుంది. గుంట ఉంటే దాని గోడ ఆ చిమ్మేదాన్ని కొట్టినవాడి వైపే మళ్లిస్తుంది. కంచంలో నీళ్లు పోసినట్టుకీ గిన్నెలో ధారగా పోసినట్టుకీ ఉన్న తేడా. కుర్రాడి చెంప తెగింది అందుకే.

మూడో రోజు యానాం మీదుగా ఎదుర్లంక వంతెన దాటి కోనసీమలోకి వచ్చాం. అమలాపురంలో ఒక్క గదీ లేదు, తీర్థం రోజుల్లో అంతే. ముందుగా చెప్పుకోకుండా వచ్చేవాళ్లు రాజోలులోనో నరసాపురంలోనో చూసుకోవడం మేలు. మేం రాజోలులో తెలిసినవాళ్లింట్లో పడుకున్నాం. బస్సులు చాలానే నడిపారు గానీ అంతర్వేది చేరేసరికి నిలబడే చోటు లేదు. భీష్మ ఏకాదశి, రథోత్సవం. స్వామిని దూరం నుంచే దండం పెట్టుకుని, జనం పలచబడ్డాక అన్నాచెల్లెళ్ల గట్టు వైపు నడిచాం.

తీర్థంలో బుడగలు కొట్టే దుకాణాలు మూడు కనిపించాయి. నా కాళ్లు అటే పోయాయి. మొదటి దాంట్లో బుడగల వెనక పాత గోనెలు వేలాడదీశారు, పెల్లెట్లు సీసానివి. బాగుంది. రెండో దాంట్లో నిటారుగా ఇనుప రేకు, నాలుగు బారల దూరం, తాడు మీద వాలి పిల్లలు. ఎయిర్‌గన్‌లో వేసేది సీసం కాదు, చిన్న ఇనుప గుండ్లు. సీసం రేకుకు తగిలితే బిళ్లలా అణిగిపోతుంది. ఇనుప గుండు అణగదు, వచ్చిన వేగం చాలావరకు అలాగే ఉంచుకుని తిరిగొస్తుంది. నేను చూస్తుండగానే ఒకటి టంగుమని రేకుకు తగిలి మా కాళ్ల దగ్గర పడింది. దుకాణం ఆయనతో మెల్లగా చెప్పాను. "ఆయ్, యేటా ఇలాగేనండి, ఎవరికీ ఏం కాలేదండి" అన్నాడు. గుండు తీసి ఆయన చేతిలో పెట్టి, ముందు వరసలో ఉన్న ఆయన కూతుర్నే చూపించాను. ఇంకేమీ అనలేదు. పక్క కొట్లోంచి రెండు గోనెలు తెచ్చి రేకు మీద వేలాడదీశాడు. మేం వచ్చేటప్పుడు పిల్లలు రెండడుగులు వెనక్కి నిలబడి ఉన్నారు. ఆ ఇనుప గుండ్లు మాత్రం అలాగే వాడుతున్నాడు.

నాలుగో రోజు సఖినేటిపల్లి రేవులో పంటు, అంటే బళ్లనూ మనుషుల్నీ దాటించే పెద్ద పడవ, ఎక్కి అవతల నరసాపురం చేరాం. మనుషులు, మోటారుసైకిళ్లు, కొబ్బరికాయల ఆటోలు అన్నీ ఒకదాని మీదే. రద్దీ తగ్గేదాకా ఒక పంటు వదిలేసి తర్వాతది ఎక్కాం. ఈ ప్రయాణం మొత్తంలో నాకు బాగా నచ్చింది ఆ దాటడమే. గోదావరి పాయ వశిష్ఠ మీద పొద్దుటి గాలికి నాలుగు రోజుల అలసట పోయింది. ఉప్పుగాలి మాత్రం ఉక్కుకు మంచిది కాదు, సంచిలోంచి తీసేసరికి ప్లేటు అంచున అప్పుడే ఎర్రటి మచ్చలు. పైపై తుప్పు వల్ల గట్టిదనం పోదు గానీ, తుప్పు కింద చిన్న సొట్ట కనబడదు. తెల్ల రంగు కొడితే తుప్పూ పట్టదు, దెబ్బ ఎక్కడ పడిందో దూరం నుంచే తెలుస్తుంది.

మావాడి షెడ్డులో ప్లేటును ఎలా వేలాడదీయాలో తేల్చుకోవడానికి పూటంతా పట్టింది. గొలుసు వేద్దామన్నాడు, తప్పిన తూటా గొలుసుకు తగిలితే ఎటు పోతుందో చెప్పలేం. చివరికి పక్కనున్న రైసుమిల్లులో తీసి పారేసిన ఎలివేటర్ బెల్టు అడిగి తెచ్చాం. మందపాటి రబ్బరు, మధ్యలో గుడ్డ పొరలు. దానికి తూటా తగిలినా దూసుకుపోతుంది తప్ప తిరిగి రాదు. బెల్టు ముందు ప్లేటు, వెనక నట్టు, మధ్యలో స్ప్రింగు. బోల్టు గుండ్రటి, నున్నటి తల ఉన్న రకం. బిగించి వదిలేసరికి ప్లేటు తన బరువుకు తనే పైఅంచు మా వైపు వంగి నిలిచింది. అలా వంగితేనే చిమ్మే సీసం నేలలోకి పోతుంది. ఆ నేల కూడా మెత్తగా ఉండాలి. డెల్టా ఒండ్రుమట్టిలో వెతికినా రాయి దొరకదు. మా హైదరాబాద్ రేంజిలో ప్లేటు ముందంతా కంకరే. అది ఎత్తించి జానెడు లోతు ఇసుక పోయించాలని అక్కడే రాసుకున్నాను.

షెడ్డుకు వచ్చిన ఒక రైతు, తాతల నాటి .315 రైఫిలుకు లైసెన్సున్నాయన, "ఒకటి మా చేలో పెట్టుకుంటానండి, ఇప్పించండి" అన్నాడు. వద్దన్నాను. .22 తూటాయే కిలోమీటరున్నర దాటి పోగలదు. ఇక్కడ కనుచూపుమేర చదునే. గట్ల మీద మనుషులు, చెరువుల దగ్గర కాపలా గుడిసెలు, వెనక ఆపడానికి ఒక్క కొండ లేదు. లైసెన్సున్న రేంజిలో, ఎత్తయిన మట్టికట్ట ముందు తప్ప ప్లేటుకు చోటు లేదు. ఆయన కాసేపు చేల వైపు చూసి తలూపాడు.

తిరిగొచ్చాక నూరు మీటర్ల దగ్గర ఇసుక పరిచి, పది ప్లేట్లూ వేలాడదీశాం. చూడ్డానికి వచ్చినవాళ్లతో సహా అందరికీ పాలీకార్బనేట్ కళ్లద్దాలు. కాల్చడం అయ్యాక సబ్బుతో చేతులు కడుక్కోకుండా టిఫిన్ డబ్బా తెరవనివ్వను, సీసం పొడి కడుపులోకి పోకూడదు. మొదటి ఆదివారం రెండు వందల రౌండ్లయ్యాయి. సాయంత్రం చెంప మీద మచ్చున్న కుర్రాడే ఒక్కొక్క ప్లేటూ గుడ్డతో తుడిచి, వేలితో తడిమి చూశాడు. తొమ్మిదింటి మీద సీసం మరక తప్ప ఏమీ లేదు. పదోదాని అంచు దగ్గర పెసరగింజంత సొట్ట తగిలింది. ఆకురాయితో గీస్తే అక్కడ పట్టింది. దాన్ని అప్పుడే దింపి, బకెట్ అడుక్కి వేసుకోమని పాలకొల్లు పంపించేశాను.