జూడో గ్రీన్ బెల్ట్ గ్రేడింగ్‌కి (బెల్ట్ పరీక్షకి) ముందు ఉచికోమినా, రందోరినా?

ఆరెంజ్ నుంచి గ్రీన్‌కి వెళ్లేవాళ్లకి ఆఖరి నెలలో ఇదే టెన్షన్, ఉన్న కాస్త టైమ్ దేనికి పెట్టాలని. ఉచికోమి అంటే విసరకుండా త్రో అడుగుల్ని మళ్లీ మళ్లీ వెయ్యడం, రందోరి అంటే జోడీతో స్వేచ్ఛగా తలపడే సాధన.

ఖర్చు: రెండింటికీ క్లబ్ ఫీజే. ఉచికోమికైతే ఇంట్లో స్తంభానికి పాత బెల్ట్ కట్టుకున్నా పని జరుగుతుంది. రందోరికి మ్యాట్, జోడీ, చూసే కోచ్ తప్పనిసరి.

శ్రమ: ఉచికోమి విసుగు, రందోరి ఆయాసం.

రిస్క్: ఇక్కడే జాగ్రత్త. ఉచికోమిలో విసరం కాబట్టి దెబ్బలు తక్కువ, కానీ తప్పు అడుగు వందసార్లు వేస్తే అదే అలవాటైపోతుంది. రందోరిలో వేళ్లకి, మోకాళ్లకి, భుజాలకి దెబ్బ తగలొచ్చు, అందుకే పరీక్ష వారం రోజులుందనగా మీకంటే బాగా బరువైనవాళ్లతో దయచేసి వద్దు, ఉకెమి (దెబ్బ తగలకుండా పడే పద్ధతి) ఎంత బాగా వచ్చినా సరే.

ఉపయోగం: పేరు చెప్పగానే ఆ త్రో చేసి చూపించాలి, ‘ఒసోటో గారి’ త్రో అడిగితే ‘ఒఉచి గారి’ త్రో వెయ్యకూడదు, దానికి ఉచికోమి. కదిలే మనిషి బ్యాలెన్స్ తప్పించడం, అదే కుజుషి, రందోరిలోనే ఒంటబడుతుంది.

పేర్లు, అడుగులు ఇంకా తడబడుతుంటే ఎక్కువ రోజులు ఉచికోమికే ఇవ్వండి. త్రోలన్నీ వచ్చి, ఎదుటివాళ్లు కదలగానే చెయ్యి ఆడకపోతే రందోరి పెంచండి; చివరి వారం మాత్రం ఎవరికైనా ఉచికోమే, అదీ గ్రేడింగ్‌కి మీతో వచ్చే జోడీతోనే.