క్యాండీలో ఇంటి భోజనం: తిరుపతి నుంచి వెళ్లే శాకాహారులకు నా మాట

శ్రీలంకలోని క్యాండీలో, ఊరికి కాస్త ఎగువన కొండవాలులో, ఒక కుటుంబం తాము ఉంటున్న ఇంట్లోనే కొన్ని గదులను యాత్రికులకు అద్దెకిస్తోంది. గదులు శుభ్రంగా ఉన్నాయి, వేడినీళ్లు వస్తాయి. అంతకు మించి వాటి గురించి చెప్పవలసింది లేదు. నేను రాయదలచుకున్నది ఆ ఇంటి వంట గురించి. చెన్నైలో విమానమెక్కితే గంటన్నరలోపే కొలంబో చేరుకోవచ్చు కాబట్టి తిరుపతి, చిత్తూరు వాళ్లకు అది దగ్గరి విదేశమే. అయినా మనవాళ్లు కొందరు పొడులు, పచ్చళ్లు మూటగట్టుకుని వెళ్లి, అక్కడి అన్నం ముట్టకుండానే తిరిగి వస్తున్నారంటే నాకు బాధగా ఉంటుంది.

మధ్యాహ్నం ఎర్రబియ్యపు అన్నంతో నాలుగైదు రకాలు వడ్డించారు. వాటిలో నన్ను కట్టిపడేసింది పరిప్పు, అంటే కొబ్బరిపాలలో వండిన మసూర్ పప్పు. అడిగితే ఆ ఇంటి ఇల్లాలు వంటింట్లోకి పిలిచి చూపించారు. కొబ్బరి తురుమును పిసికి మొదట తీసిన చిక్కటి పాలను పక్కన పెట్టి, మళ్లీ నీళ్లు పోసి పిండిన పలచటి పాలలో పసుపు, పచ్చిమిర్చి వేసి పప్పును ఉడికించారు. చిక్కటి పాలను దించే ముందు మాత్రమే పోసి, అవి మరగకముందే పొయ్యి కట్టేశారు, ఎందుకంటే ఎక్కువసేపు మరిగితే పాలు విరిగిపోతాయి. లేత పనసకాయతో చేసే పొలోస్ కూరలో వేయించిన మసాలా పొడి దట్టంగా పడింది కాబట్టి కారం విషయంలో మన నాలుకకు లోటేమీ ఉండదు. సరస్వతి ఆకును సన్నగా తరిగి, పచ్చికొబ్బరి, ఉల్లిపాయ, నిమ్మరసం కలిపిన గొటుకొళ సంబోల్ కూడా తప్పక తినదగినది.

శాకాహారులు ఒక్క విషయంలో జాగ్రత్తపడాలి. కొబ్బరి, ఎండుమిర్చి నూరి చేసే పొల్ సంబోల్‌లోనూ, కొన్ని కూరగాయల కూరల్లోనూ ఉంబలకడ అనే ఎండుచేప పొడిని వేయడం అక్కడ మామూలు. దారిలో ఒక హోటల్లో శాకాహారమేనని చెప్పి పెట్టిన సంబోల్‌లో మాకు ఆ ముక్కలు కనిపించాయి. ఈ ఇంట్లో మాత్రం గది తీసుకునేటప్పుడే చెప్పినందువల్ల, మా కోసం చేప లేకుండా విడిగా నూరి పెట్టారు. అడగకముందే ఏ గిన్నెలో ఏముందో చెప్పి వడ్డించారు. ఇంటి వంటను నేను హోటల్ కంటే మిన్నగా ఎంచడానికి ముఖ్య కారణం ఇదే.

ఇక తీపి. మట్టికుండలో తోడుపెట్టిన గేదె పెరుగు మీద కితుల్ పాకం పోసి ఇస్తారు. కితుల్ అంటే మన మన్యంలో కల్లు గీసే జీలుగు చెట్టే. దాని పూగెల నుంచి కారే నీరాను గంటల తరబడి కాచి ఆ పాకం తీస్తారు. కుండ తేమను పీల్చుకోవడం వల్ల పెరుగు చెంచాతో తీస్తే గడ్డగా వస్తుంది, పాకంలో తీపితో పాటు సన్నటి పొగ వాసన ఉంటుంది. చెరకు బెల్లం మధ్య పెరిగిన చిత్తూరు మనిషికి ఆ వాసన కొత్తగానూ ఉంటుంది, ఇష్టంగానూ ఉంటుంది. జీలుగు బెల్లం, కొబ్బరిపాలు, ఏలకులతో ఆవిరి మీద ఉడికించే వటలప్పం జున్నులా మెత్తగా కోతకు వస్తుంది గానీ, అందులో కోడిగుడ్లు పడతాయి కనుక గుడ్డు తినని వాళ్లు పెరుగుతోనే సరిపెట్టుకోవాలి.

లోపాలు లేకపోలేదు. ముందురోజు రాత్రి చెప్పకపోతే ఉదయం ఇడియాప్పానికి బదులు బ్రెడ్డే వస్తుంది. ఫిల్టర్ కాఫీ దొరకదు, అయితే టీ చాలా బాగుంటుంది. ధర కూడా వీధి హోటళ్ల కంటే కాస్త ఎక్కువే, అయినా ఆ భోజనానికి అది తగిన ధరేనని నా అభిప్రాయం. పాకం సీసా కొనుక్కునేవాళ్లు దాన్ని చెక్-ఇన్ సామానులోనే పెట్టుకోవాలి. 100 మిల్లీలీటర్లు దాటిన సీసాను చేతి సంచిలో తీసుకెళ్లనివ్వరు.