ఎఫ్లోర్నిథిన్ క్రీము: ఊడదీసే మందు కాదు, పెరగనివ్వని మందు

గడ్డం మీద, పైపెదవి మీద రోమాలతో విసిగి ఈ ట్యూబు కొన్నవాళ్లు చాలాసార్లు నెల తిరక్కుండానే అలమారలో పడేస్తారు. హెయిర్ రిమూవరు అనుకుని కొనడంతో వచ్చే చిక్కే అది. ఇందులోని 13.9 శాతం ఎఫ్లోర్నిథిన్ వెంట్రుక కుదుళ్లలోని ఆర్నిథిన్ డీకార్బాక్సిలేజ్ అనే ఎంజైమును అడ్డుకుంటుంది. పెరుగుదల మందగిస్తుంది, అంతే. ఉన్న వెంట్రుకను థ్రెడింగో షేవింగో చేసి తీసుకోవాల్సిందే. రెండు థ్రెడింగుల మధ్య ఎడం పెరుగుతోందా అన్నది చూసుకుంటే పని చేస్తోందో లేదో తెలుస్తుంది.

ఆఫ్రికాలో నిద్రజబ్బుకు (సీట్సీ ఈగ కాటుతో సోకే పరాన్నజీవి జబ్బు) వాడిన మందే ఇది. ముఖ రోమాలకు వానికా పేరుతో అమెరికా మందుల నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ 2000లో అనుమతించింది. 24 వారాల పరీక్షల్లో బాగా మెరుగు కనబడింది 32 శాతం మందిలో. మందు కలపని క్రీము రాసినవాళ్లలో 8 శాతమే. గొప్ప అంకె కాదు, అలాగని తీసిపారేసేదీ కాదు.

వాడకంలోనే అసలు తేడా వస్తుంది. రోజుకు రెండుసార్లు, మధ్య కనీసం 8 గంటలు. పలచగా రాసి ఇంకిపోయేదాకా రుద్దాలి. తర్వాత 4 గంటలు ఆ చోటు కడగకూడదు. పొద్దున రాసుకుని వెంటనే స్నానానికి వెళ్తే ఆ పూట మందు నీళ్లపాలే. కాబట్టి స్నానం అయ్యాక ఒకసారి, పడుకునేముందు ఒకసారి సరిపోతుంది. పౌడరు, సన్‌స్క్రీన్ లాంటివి ఈ క్రీము ఆరాకే రాసుకోవాలి. వెంట్రుకలు తీసిన వెంటనే రాస్తే మంట పుడుతుంది, 5 నిమిషాలైనా ఆగండి. మంట తగ్గకపోతే రోజుకొకసారికి తగ్గించండి. అప్పటికీ తగ్గకపోతే ఆపి చర్మవైద్యులకు చూపించండి. మొటిమలు కూడా రావచ్చు.

ఫలితం 4 నుంచి 8 వారాల్లో మొదలవుతుంది. ఆర్నెల్లు పద్ధతిగా రాసినా తేడా లేకపోతే ఇక డబ్బు తగలేయకండి. గుణం కనిపించినా ఆపేస్తే దాదాపు 8 వారాల్లో మళ్లీ మొదటికే వస్తుంది. ఈ మందు మీద మా పెద్ద ఫిర్యాదు ఇదే.

ముఖం, గడ్డం కింది భాగం దాటి వాడేది కాదు. గర్భిణులు, పాలిచ్చే తల్లులు డాక్టరును అడగకుండా రాసుకోవద్దు. పీసీఓఎస్ (హార్మోన్ల తేడాతో వచ్చే అండాశయాల సమస్య) ఉన్నవాళ్లకు హార్మోన్ల గొడవ ఈ క్రీముతో తీరదు. దానికి గర్భనిరోధక మాత్రలు, మగ హార్మోన్ల ప్రభావాన్ని తగ్గించే స్పైరోనోలాక్టోన్ లాంటివి డాక్టరు రాస్తారు. స్పైరోనోలాక్టోన్ వాడినన్నాళ్లూ గర్భం రాకుండా చూసుకోవాలి, కడుపులో మగబిడ్డ ఉంటే ఎదుగుదల దెబ్బతినొచ్చు. రోమాలు ఉన్నట్టుండి పెరిగి, గొంతు కూడా బొంగురుపోతుంటే ట్యూబు కొనకుండా ముందు హార్మోను పరీక్షలకు వెళ్లండి.