మచాదో అద్దెకున్న ఊళ్లు: సెగోవియా, సొరియా, బయేసా, కొలియూర్

స్పెయిన్ వెళ్లే మనవాళ్లలో చాలామంది బార్సిలోనా, మాడ్రిడ్ చూసుకుని వెనక్కి వచ్చేస్తారు. కవిత్వం మీద మక్కువ ఉన్నవాళ్లు అక్కడ ఒకటి రెండు రోజులు తగ్గించుకుని అయినా ఆంతోనియో మచాదో బతికిన ఊళ్లకు వెళ్లాలి. 1875లో సెవిల్‌లో పుట్టిన ఈ కవి బడిలో ఫ్రెంచి పాఠాలు చెప్పుకుంటూ ఊరి నుంచి ఊరికి మారారు. ఆయన కోసం వెళ్తే మనకు కనిపించేవి అద్దె గదులు, తరగతి గదులు, నది ఒడ్డు దారులు.

అన్నిటికన్నా సులువు సెగోవియా. మాడ్రిడ్ చమార్తిన్ స్టేషన్ నుంచి హైస్పీడ్ రైలు అరగంటలోపే చేరుస్తుంది. దిగే స్టేషన్ పేరు సెగోవియా గియోమార్. మచాదో తన చివరి ప్రేమ కవితల్లో ప్రియురాలిని పిలుచుకున్న పేరు గియోమార్. స్టేషన్ ఊరికి దూరం, కానీ సిటీ బస్సు రోమన్ల నాటి కాలువ వంతెన దగ్గర దింపుతుంది. 1919 నుంచి 1932 వరకు ఆయన అద్దెకున్న ఇల్లు ఇప్పుడు మ్యూజియం. మంచం, బల్ల, చలి కాచుకునే స్టవ్వు, బయట వంటిల్లు. దేశమంతా పేరు మోసిన కవి, 1927లో స్పానిష్ అకాడమీకి ఎన్నికైన మనిషి, ఇంత చిన్న గదిలో ఉండేవారా అని గుమ్మంలోనే నిలబడిపోయాను. వివరణ ఎక్కువగా స్పానిష్‌లోనే ఉంటుంది కాబట్టి ఫోనులో అనువాదం సిద్ధంగా ఉంచుకోండి. ఈ ఊరికి ఒక్క పగలు చాలు.

సొరియాకు మాత్రం ఒక్క పగలు చాలదు. రాత్రి అక్కడే ఉండాలి. మాడ్రిడ్ అవెనీదా దె అమెరికా బస్టాండు నుంచి బస్సులో సుమారు రెండున్నర గంటల ప్రయాణం. రైలుంది గానీ ఇంకా ఆలస్యం, పైగా సర్వీసులు తక్కువ. 1907లో ఉద్యోగం మీద ఇక్కడికి వచ్చిన మచాదో, తాను దిగిన ఇంటివాళ్ల అమ్మాయి లియొనోర్‌ను 1909లో పెళ్లి చేసుకున్నారు. ఆమెకు పదిహేనేళ్లు, ఆయనకు ముప్పై నాలుగు. ఆ వయసుల తేడా నన్ను ఇప్పటికీ ఇబ్బంది పెడుతుంది. 1911లో పారిస్‌లో ఉండగా ఆమెకు క్షయ బయటపడింది. 1912లో ఆయన కవితల పుస్తకం ‘కంపోస్ దె కస్తీయా’ అచ్చయిన కొద్ది వారాలకే, ఆగస్టు 1న, ఆమె చనిపోయింది.

ఎస్పినో చర్చి పక్కన, లియొనోర్ సమాధి ఉన్న శ్మశానం దగ్గర, ఎండిన ఎల్మ్ చెట్టు మోడు ఒకటి ఉంది. ఆమె మంచాన పడి ఉన్న వసంతంలో రాసిన కవితలో, పిడుగు చీల్చిన ముసలి ఎల్మ్ నాలుగు పచ్చని ఆకులు వేస్తుంది. తన మనసూ అలాంటి ఇంకో అద్భుతం కోసం ఎదురు చూస్తోందంటారు కవి. ఆ చెట్టు ఇదేనని ఊరివాళ్లు చూపిస్తారు. సమాధి రాయి మీద ‘లియొనోర్‌కు, ఆంతోనియో’ అని ఉంటుంది.

సాన్ హువాన్ దె దుయెరో మఠంలో ఒకదానిలో ఒకటి అల్లుకున్న కమానులు చూసి, అక్కడి నుంచి దుయెరో నది వెంబడి కొండ రాతి మీద కట్టిన సాన్ సాతూరియో గుడి వరకు నడవండి. దారి చదునుగా ఉంటుంది, పైసా ఖర్చు లేదు. నది పక్క పాప్లర్ చెట్ల మీద ప్రేమికులు చెక్కుకున్న పేర్లు, తేదీలు మచాదో కవితలోనే ఉన్నాయి. జనం ఇప్పటికీ చెక్కుతున్నారు. బెరడు పెరిగే కొద్దీ అక్షరాలు ఉబ్బి, ఏ పేరో పోల్చుకోలేనంతగా సాగిపోయాయి. నా ప్రయాణం మొత్తానికి విలువైన గంట ఇదే.

కొండ మీద ప్రభుత్వ హోటల్ పారదోర్‌కు మచాదో పేరే పెట్టారు. కింద దుయెరో లోయ కనిపించే చోటు చాలా బాగుంది, కానీ అద్దె ఎక్కువ, ఎక్కుడూ ఎక్కువే. నేను ఊరి మధ్య ఒక చిన్న లాడ్జిలో దిగాను. గది శుభ్రంగా ఉంది గానీ రాత్రి హీటరు ఆపేశారు. వెయ్యి మీటర్లకు పైన ఉన్న ఊరు, మే నెలలోనూ వణికించింది. అడిగితే దుప్పట్లు ఇచ్చారు. గది తీసుకునే ముందే హీటరు సంగతి అడగండి. శాకాహారులు ఇంకా జాగ్రత్తగా ఉండాలి. కూరగాయల వంటకం అని చెప్పినా అందులో హాము (పంది మాంసం) ముక్కలు తగలవచ్చు. మాంసం వద్దు, హామూ వద్దు అని విడివిడిగా చెప్పాలి. పొద్దున బ్రెడ్డు మీద సొరియా తీపి వెన్న రాసుకుని తినండి, నాకు ప్రాణం లేచి వచ్చింది.

బయేసా దక్షిణాన, ఆలివ్ తోటల మధ్య ఉంది. భార్య పోయాక మచాదో 1919 వరకు అక్కడే పాఠాలు చెప్పారు. ఆయన తరగతి గదిని అలాగే ఉంచారు. రైల్వే స్టేషన్‌కు లినారెస్-బయేసా అని పేరున్నా ఊరు చాలా దూరం. గ్రనడా వైపు ఎలాగూ వెళ్లేవాళ్లు బస్సులో వెళ్లడం మేలు. బయేసా కోసమే దక్షిణానికి వెళ్లనక్కర్లేదు.

చివరిది సరిహద్దుకు అవతల, ఫ్రాన్స్‌లోని కొలియూర్. స్పెయిన్ అంతర్యుద్ధంలో తాను సమర్థించిన రిపబ్లిక్ ప్రభుత్వం ఓడిపోతుండగా మచాదో 1939 జనవరి చివర్లో ముసలి తల్లితో సరిహద్దు దాటి, ఈ సముద్రతీర ఊళ్లో ఒక హోటల్లో తలదాచుకుని, ఫిబ్రవరి 22న కన్నుమూశారు. మూడు రోజులకు తల్లి కూడా. ఆయన కోటు జేబులో తమ్ముడికి దొరికిన కాగితం మీద ఈ నీలి రోజుల గురించి, చిన్ననాటి ఎండ గురించి ఒక్క పాదం ఉంది. ఊరి మధ్యలోని శ్మశానంలో ఇద్దరి సమాధీ ఒక్కటే. పక్కనే ఉత్తరాల పెట్టె ఉంటుంది, రిపబ్లిక్ జెండాలు, పూలు, చేతిరాత కాగితాలు ఉంటాయి. వేసవిలో ఇక్కడ గదుల ధర మండిపోతుంది. పెర్పిన్యాన్‌లో దిగి రైలులో రావడం నయం, అరగంట కూడా పట్టదు. వీలైతే ఫిబ్రవరిలో వెళ్లండి. వర్ధంతి రోజుల్లో స్పెయిన్ నుంచి కూడా జనం వచ్చి సమాధి దగ్గర ఆయన కవితలు చదువుతారు.