డెన్వర్ నుంచి మోయాబ్ దాకా: పికప్ ట్రక్కుకు ఏ టైర్లు ఎక్కడ పనికొచ్చాయి

కొలరాడో కొండల మంచు, యూటా ఎడారిలో మోయాబ్ దగ్గరి రాతి బాటలు, ఆ రెంటినీ కలిపే ఐ-70 హైవే, ఈ మూడింటినీ ఒకే టైర్లతో దాటి రావాలనుకునేవారి కోసం ఈ అనుభవాలు రాస్తున్నాను. మార్చి నెలలో ఐదు రోజులపాటు రెండు బండ్లలో వెళ్లి వచ్చాము. నాది పికప్ ట్రక్కు, దానికి ప్రయాణానికి ముందే కొత్త ఆల్-టెరైన్ (రోడ్డుకూ, రాతి బాటకూ పనికొచ్చే) టైర్లు వేయించాను. మా బావగారిది ఎస్‌యూవీ, దానికి చలికాలం కోసమే తయారైన మెత్తని వింటర్ టైర్లు ఉన్నాయి. రెండు రకాల టైర్లు ఒకే రోడ్డు మీద, ఒకే రోజున ఎలా ప్రవర్తించాయో పక్కపక్కనే చూసే అవకాశం అందువల్లనే దొరికింది.

పాత టైర్లు కంపెనీ నుంచి వచ్చిన పి265/70ఆర్17 సైజు హైవే టైర్లు. కొత్తవాటికి కూడా అదే సైజు ఉంచాను గాని, ముందున్న అక్షరం పి (ప్యాసింజర్) కాకుండా ఎల్.టి. (లైట్ ట్రక్) ఉన్నవి తీసుకున్నాను. ఈ తేడా పైకి చిన్నదిగా కనిపించినా టైరు నిర్మాణమే వేరు. పాత టైరు మీద లోడ్ ఇండెక్స్, అంటే అది మోయగల బరువును సూచించే అంకె, 115 అని ఉండేది, అంటే టైరుకు 1,215 కిలోలు. కొత్తదాని మీద 121 అని ఉంది, అంటే 1,450 కిలోలు. లోడ్ రేంజ్ ఇ అనీ, పది ప్లై అనీ పిలిచే ఈ రకంలో నిజంగా పది పొరలేమీ ఉండవు. ఒకప్పటి నూలు పొరల లెక్కతో సమానమైన బలం ఉన్నదని మాత్రమే దాని అర్థం. ఒక్కో టైరు పాతదానికంటే నాలుగైదు కిలోలు బరువెక్కింది, ఆ బరువు తర్వాత పెట్రోలు ఖర్చులో కనిపించింది.

పెద్ద పెద్ద గడ్డలతో, మధ్యలో వెడల్పాటి ఖాళీలతో ఉండే మడ్-టెరైన్ టైర్లు చూడటానికి మంచుకు బాగుంటాయనిపిస్తాయి. నేను వాటిని వద్దనుకున్నాను. రోడ్డు మీద గట్టిపడిన మంచును పట్టుకునేది ట్రెడ్ (నేలకు ఆనే పైభాగం) గడ్డల్లో సన్నగా కోసిన గాట్ల అంచులు, రబ్బరు మెత్తదనం. బురద కోసం చేసిన టైరులో ఆ గాట్లు తక్కువ. ఇక టైరు పక్కగోడ (సైడ్‌వాల్) మీద ఉండే గుర్తుల సంగతి. ఎం ప్లస్ ఎస్ (బురద, మంచు) అనే గుర్తు ట్రెడ్ ఆకారాన్ని బట్టి వేసేది, దాని వెనుక మంచు మీద చేసిన పరీక్ష ఉండనక్కరలేదు. మూడు శిఖరాల కొండ, దానిలో మంచురేకు ఉన్న గుర్తుకు మాత్రం పరీక్ష ఉంది, గట్టిపడిన మంచు మీద ప్రామాణిక టైరు కంటే కనీసం పది శాతం ఎక్కువ పట్టు చూపాలి. అయితే ఆ పరీక్ష కొలిచేది బండి ముందుకు కదిలేటప్పటి పట్టునే, బ్రేకు వేసి ఆగేటప్పటి పట్టును కాదు. ఈ తేడా ఎందుకు ముఖ్యమో ఫ్రిస్కోలో నాకు అర్థమైంది.

టైర్లు బిగించిన దుకాణం పేరు రాయను గాని, అక్కడ జరిగిన పొరపాటు చెప్పక తప్పదు. నాలుగు టైర్లకూ సైడ్‌వాల్ మీద రాసి ఉన్న గరిష్ఠ పీడనం, అంటే 80 పి.ఎస్.ఐ. (గాలి పీడనపు కొలత), నింపి పంపించారు. ఖాళీ ట్రక్కుతో హైవే ఎక్కిన పది నిమిషాల్లోనే వంతెన అతుకుల దగ్గర వెనుక భాగం ఎగిరెగిరి పడసాగింది, స్టీరింగ్ తేలిపోతున్నట్టు అనిపించింది. అలాగని డ్రైవరు తలుపు పక్కన అతికించిన స్టిక్కరులోని 32 నింపినా తప్పే, ఎందుకంటే అది పి రకం టైరుకు ఇచ్చిన అంకె. అదే బరువు మోయడానికి ఎల్.టి. టైరుకు మరింత గాలి కావాలి. ఎంత బరువుకు ఎంత గాలి కావాలో చెప్పే లోడ్ పట్టిక చూసి నా బండికి 45 అని తేల్చుకుని, టైర్లు చల్లగా ఉన్నప్పుడు నేనే సరిచేసుకున్నాను. మరో సంగతి కూడా అప్పుడే గమనించాను. డ్యాష్‌బోర్డు మీద వెలిగే గాలి హెచ్చరిక దీపం స్టిక్కరులోని అంకెకు నాలుగో వంతు తగ్గేదాకా వెలగనక్కరలేదు, అంటే నా బండిలో 24 దగ్గరకు పడిపోయేదాకా అది నిశ్శబ్దంగా ఉండవచ్చు. ఎల్.టి. టైరు అంత తక్కువ గాలితో హైవే వేగంలో నడిస్తే వేడెక్కి చీలిపోయే ప్రమాదం ఉంది. కనుక ఈ టైర్లకు మారినవారు చేతి గేజ్‌ను బండిలో ఉంచుకుని తీరాలి.

డెన్వర్ దాటి పడమరకు వెళ్లేవారికి ఐ-70 మీద ఒక నిబంధన ఉంది. మారిసన్ నుంచి డాట్సెరో వరకు సెప్టెంబరు 1 నుంచి మే 31 దాకా, టైర్ల ట్రెడ్ లోతు కనీసం అంగుళంలో పదహారింట మూడు వంతులు, అంటే దాదాపు 4.8 మిల్లీమీటర్లు, ఉండాలి. దానితోపాటు ఫోర్ వీల్ డ్రైవ్ గాని, పైన చెప్పిన మంచు గుర్తులున్న టైర్లు గాని ఉండాలి, లేదా గొలుసుల వంటివి బండిలో ఉంచుకోవాలి. ఈ లోతు నిబంధన నాకు చాలా సమంజసంగా తోచింది, ఎందుకంటే సగానికి పైగా అరిగిన టైరు తడి రోడ్డు మీద బాగానే నడుస్తున్నట్టు కనిపించినా మంచులో పట్టు కోల్పోతుంది. రోడ్డు పరిస్థితి తెలుసుకోవడానికి రాష్ట్ర రవాణా శాఖ నడిపే కోట్రిప్ సేవను ప్రతి రెండు గంటలకూ చూసుకున్నాము. కనుమల దగ్గరి కెమెరా చిత్రాలు నేరుగా చూపడం దానిలోని గొప్ప సౌకర్యం. ఈ ప్రయాణంలో వాడిన సేవలన్నిటిలోకీ నేను మొదటి స్థానం దానికే ఇస్తాను.

1973లో తెరిచిన ఐజన్‌హోవర్ సొరంగం పడమటి ముఖద్వారం 11,158 అడుగుల ఎత్తున ఉంటుంది. సొరంగంలోకి వెళ్లకుండా దాని మీదుగా పోయే యూ.ఎస్. 6 రోడ్డు లవ్‌లాండ్ కనుమను 11,990 అడుగుల వద్ద దాటుతుంది. ప్రమాదకర సరుకులు మోసే లారీలను మామూలుగా సొరంగంలోకి అనుమతించరు కనుక అవి ఈ కనుమ మీదుగానే వెళ్తాయి. కనుమ తెరిచి ఉందని చూసుకుని మేము కూడా అటే వెళ్లాము. ముందురోజు కురిసిన మంచు చక్రాల కింద నలిగి తెల్లని పలకలా గట్టిపడి ఉంది. ఎక్కేటప్పుడు నా ఆల్-టెరైన్ టైర్లు ఒక్కసారి కూడా పట్టు తప్పి ఊరికే తిరగలేదు. మలుపుల్లో గంటకు పాతిక మైళ్లు మించకుండా నడిపాను, కొన్నిచోట్ల లోయ అంచున అడ్డుకంచె కూడా లేదు. చిన్న బండిలో, హైవే టైర్లతో వచ్చేవారికి మంచు ఉన్న రోజున ఈ దారి మంచిది కాదు, సొరంగమే సరైనది.

మొదటి రాత్రి ఫ్రిస్కోలో, దాదాపు 9,100 అడుగుల ఎత్తున, ఒక చిన్న బసలో దిగాము. గది శుభ్రంగా, వెచ్చగా ఉంది. పార్కింగు స్థలం మాత్రం వాలుగా ఉంది, పగలు కరిగిన నీరు రాత్రికి అద్దంలా గడ్డకట్టింది. తెల్లవారి ఆ వాలు మీద ఎవరూ లేని సమయంలో, మనిషి నడిచే వేగంతో ఇద్దరమూ ఒకరి తర్వాత ఒకరు దిగి ఒకే చోట బ్రేకు వేశాము. బావగారి బండి టకటకమని ఏబీఎస్ (బ్రేకు వేసినప్పుడు చక్రాలు బిగుసుకోకుండా చూసే ఏర్పాటు) చప్పుడు చేస్తూ కొద్ది అడుగుల్లో నిలిచింది. నాది అదే చప్పుడు చేస్తూ మరో బండి పొడవు జారింది. నాలుగు చక్రాలూ ఇంజను బలంతో తిరగడం అనేది బ్రేకు వేసినప్పుడు ఏ సాయమూ చేయలేదు.

"ఎక్కడం ఏ టైరైనా ఎక్కుతుంది. ఆగడానికి డబ్బు పెట్టాలి, తెలిసిందా?" అన్నారు బావగారు.

"మీరన్నది నిజమే బావగారూ, కానీ మీ టైర్లు మోయాబ్ రాళ్లకు నిలుస్తాయా అని నా అనుమానం," అన్నాను. ఆ అనుమానం రెండు రోజుల్లో తేలింది.

అక్కడే ఉదయం గేజ్ పెట్టి చూస్తే 45 నింపిన టైర్లు 41 చూపించాయి. డెన్వర్‌లో 15 డిగ్రీల ఎండలో నింపిన గాలి మైనస్ 15 డిగ్రీల చలికి కుంచించుకుపోయింది. ఎత్తుకు ఎక్కినప్పుడు బయటి గాలి పలచబడి గేజ్ అంకె కొద్దిగా పెరగడం వల్ల నష్టం ఇంకా ఎక్కువగా కనిపించలేదు, లేకపోతే 39 చూపేది. బండిలో ఉన్న చిన్న కంప్రెసరుతో మళ్లీ 45కు నింపాను. మంచు ప్రాంతంలో బస ఎంచుకునేవారు గది ఫోటోలతోపాటు, బండి నిలిపే స్థలం సమతలంగా ఉందా, కప్పు ఉందా, తెల్లవారకముందే మంచు తీయిస్తారా అని అడిగి తెలుసుకోవాలి. నేను ఆ మూడు ప్రశ్నలూ అడగలేదు.

వెయిల్ కనుమ, గ్లెన్‌వుడ్ లోయ ప్రశాంతంగా గడిచాయి. ఈ పొడి హైవే భాగంలోనే కొత్త టైర్ల లోపాలు బయటపడ్డాయి. గంటకు 65 మైళ్లు దాటాక సన్నని గూయిమనే శబ్దం ఆగకుండా వినిపించింది. పాత హైవే టైర్లతో పోలిస్తే మైలేజీ గ్యాలన్‌కు ఒక మైలు పైగా తగ్గింది. ఏడాదికి పది రోజులు మాత్రమే కంకర రోడ్డెక్కేవారు, మిగిలిన కాలమంతా హైవే మీదే తిరిగేవారు, మంచురేకు గుర్తు ఉన్న మెత్తని హైవే రకం టైర్లు చూసుకుంటే ఈ రొద ఉండదు. అటువంటివి ఇప్పుడు ట్రక్కు సైజుల్లో కూడా దొరుకుతున్నాయి. రెండో రాత్రి గ్రాండ్ జంక్షన్‌లో ఆగాము. హైవే పక్కనే ఉన్న సాదా బస, సమతలమైన పార్కింగు, పక్కనే గాలి యంత్రం ఉన్న పెట్రోలు బంకు. ప్రయాణపు మధ్యలో ఆగడానికి ఇంతకంటే ఏమీ అక్కరలేదు.

మోయాబ్ చేరిన మర్నాడు గేజ్ 48 చూపించింది. ఫ్రిస్కో చలిలో నింపిన గాలి కిందికి దిగి వెచ్చబడేసరికి మూడు పెరిగింది, తీసి సరిచేశాను. బసకు మొదట కాన్యన్‌లాండ్స్ పార్కులో గుడారాలు వేసుకునే విల్లో ఫ్లాట్ చూశాము. అక్కడ పన్నెండు స్థలాలే ఉన్నాయి, ముందుగా వచ్చినవారికే ఇస్తారు, నీరు కూడా ఉండదు. మధ్యాహ్నానికే నిండిపోయింది. ముందుజాగ్రత్తగా దగ్గరలోని డెడ్ హార్స్ పాయింట్ స్టేట్ పార్కులో ఒక స్థలం తీసుకుని ఉన్నాము కనుక ఇబ్బంది పడలేదు. అక్కడ మా స్థలానికి కరెంటు ఉంది, నేల చదునుగా ఉంది. ఈ రెంటిలో కుటుంబంతో వచ్చేవారికి రెండోదే మేలు.

కాన్యన్‌లాండ్స్‌లోని షేఫర్ బాట దిగే ముందు విజిటర్ సెంటరులోని రేంజరును రోడ్డు సంగతి అడిగాము. వాన పడినా, మంచు ఉన్నా ఆ బాట ప్రమాదకరం, ఆ రోజు పూర్తిగా పొడిగా ఉందని చెప్పారు. పార్కు సిబ్బందిని అడగడానికి పట్టిన ఐదు నిమిషాలు ఈ ప్రాంతంలో ఎంతో విలువైనవి. అంచున నిలబడి చూస్తే బాట కొండగోడను పట్టుకుని మెలికలు తిరుగుతూ దాదాపు 1,500 అడుగులు కిందికి దిగిపోతుంది. దిగేముందు టైర్లలో గాలి 28కి తగ్గించాను. గాలి తగ్గిన టైరు పొడవుగా పరుచుకుని, రాయి తగిలినప్పుడు దాని ఆకారానికి ఒదిగిపోతుంది, కుదుపు కూడా తగ్గుతుంది. వేగం మాత్రం గంటకు పదిహేను మైళ్లు దాటకూడదు, తారురోడ్డు ఎక్కగానే మళ్లీ నింపుకోవాలి.

కింద పొటాష్ రోడ్డు మీద నా వెనుక కుడి టైరులో ఒక తుప్పుపట్టిన బోల్టు దిగింది. ట్రెడ్ నడిమి గాడిలో, తల మాత్రం పైకి కనిపిస్తూ, చెయ్యి దగ్గర పెడితే చల్లగా గాలి తగులుతూ ఉంది. బోల్టు లాగి, రంధ్రాన్ని ఆకురాయి సూదితో గరుకు చేసి, జిగురు పూసిన తాడు దూర్చాను. పావుగంటలో బండి కదిలింది. ఆ బోల్టు అదే టైరులో మరికొన్ని అంగుళాలు పక్కకు, సైడ్‌వాల్‌లోకి, దిగి ఉంటే ఏ పంచరు సామానూ పనిచేసేది కాదు, స్టెప్నీ దించవలసిందే. ఆ సందర్భంలో స్టెప్నీ వంక చూస్తే దాని మీద తయారీ గుర్తు చివరి నాలుగు అంకెలు 2316 అని ఉన్నాయి, అంటే 2016లో 23వ వారం. ఒక్కసారి కూడా నేలకు తగలని ఆ టైరు పక్కలో సన్నని నెర్రెలు కనిపించాయి. నాలుగు కొత్త టైర్లు కొన్న రోజునే ఐదోది కూడా కొని ఉండవలసింది.

బావగారి వింటర్ టైర్లు ఆ బాట మీద గాలి పోగొట్టుకోలేదు గాని, ట్రెడ్ గడ్డల అంచులు చిట్లి, చిన్న చిన్న ముక్కలు ఊడిపోయాయి. ఆయన వేలితో తడిమి చూసుకుని ఏమీ అనలేదు. సాయంత్రం మోయాబ్‌లో ఒక దుకాణంలో నా టైరును రిమ్ము నుంచి విప్పి, లోపలి వైపు పరిశీలించి, లోపలి నుంచి ప్యాచ్ వేసి ఇచ్చారు. బయటి నుంచి దూర్చిన తాడు తాత్కాలికమేనని, ట్రెడ్ భాగంలో పావు అంగుళానికి మించని రంధ్రానికే తాము మరమ్మతు చేస్తామని పనివాడు ఓపికగా వివరించాడు. చివర్లో నట్లను టార్క్ రెంచితో (బిగింపు బలాన్ని కొలిచే పానాతో) బిగించి, యాభై మైళ్ల తర్వాత మళ్లీ చూసుకోమన్నాడు. మొదటి దుకాణం చేయని పనులన్నీ ఇక్కడ చేశారు.

తిరుగు ప్రయాణంలో సొరంగం దారినే వచ్చాము. మళ్లీ కొనవలసి వస్తే ఇదే రకం ట్రెడ్, ఇదే మంచురేకు గుర్తు, కానీ లోడ్ రేంజ్ ఇ బదులు సి తీసుకుంటాను. 50 పి.ఎస్.ఐ. గరిష్ఠంగా ఉండే సి రకం నేను మోసే సామానుకు సరిపోతుంది, బరువు తక్కువ, కుదుపు తక్కువ. ట్రెయిలరు లాగేవారికి, వెనుక పూర్తి బరువు వేసేవారికి ఇ రకమే సరైనది. బావగారు తన బండికి ఏప్రిల్‌లో వింటర్ టైర్లు విప్పించి మామూలు టైర్లు వేయిస్తానన్నారు, నవంబరులో మళ్లీ అవే ఎక్కిస్తారు. ఫ్రిస్కో వంటి చోట నివాసం ఉంటే నేనూ అలాగే చేస్తాను. ఇల్లు చేరాక ట్రెడ్ లోతు కొలిచి, కుడి వెనుక టైరు ప్యాచ్ ఉన్న చోటికి ఎదురుగా సుద్దతో గుర్తు పెట్టి, కొత్త స్టెప్నీకి చెప్పి వచ్చాను.